పిలువని మొక్క

పెరటిలో మనము నాటని మొక్క యొకటి మొలచినది. నూతిగట్టు ప్రక్కనో, గోడమూలనో, తులసికోట వెనుకనో మోకాలెత్తు పెరిగినది. ఇంటిలో నెవ్వరికిని దాని పేరు తెలియదు. దానిని ఉంచవలెనా, తీసివేయవలెనా? ఇంతకంటె చిన్నప్రశ్న గృహస్థునకు రాదని చదువరు లనవచ్చును. అయినను ఈ ప్రశ్నకు మనము తఱచు చెప్పుకొను సమాధానమును కొంచెము నిలిపి చూచినచో, తెలియనిదానియెడల మన మనస్సు నడచు తీరెల్ల అందులో కనబడును. అందుచేత దీనినే యిప్పుడు విచారింపదలచితిమి.

మన యిండ్లలో సాధారణముగా జరుగునది రెండువిధములు. పండుగకు ముందు పెరడు బాగుచేయు దినమున కనబడిన పచ్చనిదెల్ల కొడవలిపాలు చేయుట యొకటి. ఎవ్వరికిని తీరిక లేక, అది చెట్టై, గోడను పగులదీసి, పొరుగింటి చూరుపై వ్రాలువఱకు ఊరకుండుట రెండవది. మొదటిదానిని శుభ్రత యందుము. రెండవదానిని భూతదయ యందుము. ఆ కొడవలి పట్టినవాడు మొక్కను చూడలేదు. ఆ దయ చూపినవాడును మొక్కను చూడలేదు. పనులు రెండుగా కనబడుచున్నను వాని మూలము ఒక్కటే.

పేరు తెలియని మొక్కకు మన వాడుకలో ఒక పేరు కలదు. దానిని పిచ్చిమొక్క యందుము. విచారించినచో ఈ మాట మొక్కను గుఱించి ఏమియు చెప్పుట లేదు. ఆ మొక్క తన వేళకు చిగిర్చును, తన వేళకు పూచును, తన జాతి మొక్కలెల్ల ఏ క్రమమున పెరుగునో ఆ క్రమముననే పెరుగును. అందు పిచ్చి యేమియు లేదు. మనకు తెలియకపోవుట మన లోపము. ఆ లోపమును మొక్కకు గుణముగా నంటగట్టి, పిదప ఆ గుణమునే దానిని పెఱుకుటకు కారణముగా చూపుచున్నాము. ఇట్టి వాదమును ఏ న్యాయాధిపతియు అంగీకరింపడు.

ఒక సంవత్సరము మేము మా తరగతిలోని బాలబాలికలను, తమతమ యిండ్లలో ఎవ్వరును నాటకయే మొలచిన మొక్కనుండి ఒక్కొక్క రెమ్మను తెమ్మని కోరితిమి. తెచ్చిన రెమ్మ పేరేమని యడుగగా సగముమందికి పైగా ‘పిచ్చిమొక్క’ యనిరి. వానిని మరల ఇంటికి గొనిపోయి, ఇంటిలో నందఱికంటె పెద్దవయసు గల ఆడువారి నడిగి రమ్మంటిమి. మఱునాటికి పిచ్చిమొక్కలలో చాలవఱకు కసివింద, ఉత్తరేణి, కుప్పింట, తుత్తురుబెండ మొదలగు పేర్లతో తిరిగివచ్చినవి. ఏ ఆకును గాయమునకు నూఱి కట్టుదురో, ఏ కాయను పిల్లలచేత ముట్టనీయరాదో కూడ ఆ బిడ్డలు చెప్పగలిగిరి. అక్షరము రాని అవ్వకు తెలిసిన పేరు, పట్టముగల తండ్రికి తెలియదు. పిచ్చిమొక్కలు మన పెరటిలో పెరుగుచున్నవని మనము తలచుచున్నాము గాని, అవి యధికముగ పెరిగినది మన చదువులోనే.

కారణము లేక మొక్కను తీసివేయుట తప్పని మన ప్రాచీనులును తలచిరి. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున, దున్నిన నేలలో పెరిగినవైనను, అడవిలో తమంతట మొలచినవైనను, ఓషధులను ఊరక ఛేదించినవాడు ఒక దినము పాలు మాత్రమే యాహారముగా గొని ఆవు వెంట నడువవలెనని ప్రాయశ్చిత్తము చెప్పబడినది. ఆ గ్రంథమున మనము అంగీకరింపజాలని విధులు పెక్కు కలవు. వానిని గుఱించి తరువాత ఒక మాట చెప్పవలసి యున్నది. అయినను ఈ విధిలో ‘ఊరక’ అనుట గమనింపదగినది. ఛేదించుటయే తప్పని యందు చెప్పలేదు. ఛేదింపనిచో సేద్యము లేదు, వంట లేదు, వైద్యము లేదు. ప్రయోజనము నెఱుగక ఛేదించుటకే ప్రాయశ్చిత్తము. కనుక మన ప్రశ్న ఇట్లు మాఱుచున్నది: మొక్కను తీసివేయుటకు గాని, ఉంచుటకు గాని చాలిన కారణ మేది? లోకములో వాడుకలో నున్న కారణములు మూడు. మూడును పరీక్షకు నిలువవు.

మొదటి కారణము: అది మనము పిలువనిది. పిలువకయే వచ్చుట నేరమైనచో మన వీధులలోని వేపచెట్లలో ననేకములు నేరస్థులే. కాకులును గోరువంకలును వేపపండ్లు తిని గింజలు విడిచినచోట మొలచి, ఎవ్వరి సెలవు నడుగకయే పెరిగి, నేడు ఊరికంతకు నీడ యిచ్చుచున్నవి. పెక్కు పెరళ్లలోని కరివేపయు ఇట్లు పక్షులవలన వచ్చినదియే. మఱి, పిలిచి గౌరవించి తెచ్చుకొన్న మొక్క మంచిదగునా? సర్కారుతుమ్మ చరిత్రను చూడుడు. ఎండనేలలలో వంటచెఱకు దొరకునను సదుద్దేశముతో అటవీశాఖవారు జమైకానుండి దాని విత్తనములు తెప్పించి 1877లో కడప మండలమున కమలాపురమునందు నాటించిరి. దాని పేరులోనే ప్రభుత్వముద్ర కలదు. అది బీదలకు కట్టెలను బొగ్గును ఇచ్చిన మాట సత్యమే. కాని చెఱువుల కడుపులను, పశువుల బీళ్లను, పంటకాలువల గట్లను ఆక్రమించి, తన క్రింద గడ్డిని గూడ పెరుగనీయక, వదలించుకొనుటకు దుస్సాధ్యమైనదియు అదియే. కనుక ఆహ్వానపత్రికను చూచి అతిథి గుణమును నిర్ణయింపరాదు.

రెండవ కారణము: అది పరదేశపుది. స్వదేశాభిమానము మంచిదే యైనను దానిని పెరటిలోనికి గొనివచ్చునపుడు జాగ్రత్త వలయును. జామ, బొప్పాయి, మిరప అమెరికాఖండమునుండి, పోర్చుగీసువారు మన తీరములకు వచ్చిన పిదప, సముద్రము దాటి వచ్చినవి. మిరప లేని ఆంధ్రుని విస్తరిని నేడు ఊహింపజాలము. సీతాఫలమును ఆ ఖండమునుండి వచ్చినదే. తెలుగుదేశమునకు వచ్చి అది సీతమ్మ పేరు పెట్టుకొన్నది. పాలమూరు ప్రాంతమున గుట్టలమీద తనంత తాను మొలచి పేదల బుట్టలు నింపుచున్నది. ఆ సీమలోని బాలానగరము పేర ఒక ప్రసిద్ధమైన సీతాఫలపు రకమే వెలసినది. మఱియొకవైపు, వేదకాలమునుండి మన దేశములో నున్న రావి, గోడపగులులో మొలచినచో ఇంటిని కూల్చును. గోడకు స్వదేశి వేరు, విదేశి వేరు అను భేదము తెలియదు.

మూడవ కారణము: కంటి కింపుగా నున్నది, లేదా ఇంపుగా లేదు. దీనికి ఉదాహరణముగా ఒక పొదను తీసికొందము. శాస్త్రజ్ఞులు దానిని లాంటానా యందురు. స్వీడనుదేశపు పండితుడు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథములో దాని శాస్త్రీయనామము కలదు. అమెరికాఖండపు ఉష్ణదేశములలో పుట్టిన ఆ మొక్కను 19వ శతాబ్ది మొదటి సంవత్సరములలో పూలయందము కొఱకు మన దేశమునకు తెచ్చిరి. మన భాషలో దానికి పేర్లు ఒకటికంటె నెక్కువ కలవు. పసుపు, నారింజ, ఎఱుపు రంగుల చిన్నిపూలు ఒకే గుత్తిలో కలసియుండుట చూచి, పెండ్లిలో దోసిళ్లనుండి జాఱు అక్షతలు జ్ఞప్తికి రాగా, కొందఱు దానిని తలంబ్రాలచెట్టు అనిరి. దాని కొక్కెపుముండ్లు తగిలి చేతులు గీచుకొన్నవారు పులికంప యనిరి. మొక్క యొక్కటే. ప్రహరీలోపల నిలిచి చూచినవారికి పెండ్లి కనబడినది. కట్టెలకు, పశువుల మేతకు కంచెదాటి పోవలసినవారికి పులి కనబడినది. రెండును అబద్ధములు కావు. కాని ఇంపు అనునది చూచువాడు నిలిచిన చోటునుబట్టి మాఱుచున్నంతవఱకు దానిని తీర్పునకు ఆధారముగా గొనరాదు.

ఇక నిలువదగిన కారణ మేది? ఆ మొక్క తన చుట్టునున్న జీవులకు ఏమి చేయును అనునదే. చుట్టునున్న వానిలో మన గోడ యొకటి, మన బిడ్డ యొకటి, పొరుగువాని ఆవు యొకటి, ప్రక్క మొక్కలు, పురుగులు, పక్షులు. అది ఏమి చేయునో తెలియవలెనన్నచో అది ఏదియో తెలియవలెను. కావున పేరు తెలిసికొనుట ముచ్చట కాదు, ధర్మనిర్ణయమునకు మొదటిమెట్టు.

పేరు తెలిసికొనుటకు గొప్ప పాండిత్య మక్కఱలేదు. కంటికి కొంత అభ్యాసము చాలును. ఆకులు కణుపు కణుపునకు రెండేసి ఎదురెదురుగ నున్నవా, ఒకటి ఇటు ఒకటి అటుగ నున్నవా చూడవలెను. ఒక కాడకు ఒకే ఆకు కలదా, కాడకు ఇరుప్రక్కల చిన్నిరెబ్బలు కలవా చూడవలెను. కాండము గుండ్రమా, నలుపలకలా? ముండ్లు కలవా? ఆకు త్రుంచినచో పాలు కారునా? నలిపినచో ఏ వాసన? ఇవి చూచుటకు ఒక నిమిషము పట్టును. నోట పెట్టి మాత్రము చూడరాదు. ఉమ్మెత్త, ఆముదము, పచ్చగన్నేరు విత్తనములు ప్రాణాపాయకరములు. అవి తమంతట మొలచుట మన పెరళ్లలో అరుదు కాదు. జిల్లేటిపాలు కంట పడినచో చూపునకే హాని. కనుక పాలు కారిన మొక్కను ముట్టిన చేతిని కడుగక కంటికి తగిలింపరాదు.

ఒకదానిని పోలినది మఱియొకటి యుండుటయు కలదు. వేప మొలకను, తురకవేప మొలకను తొందరలో చూచినవాడు ఒకటే యనుకొనును. వేపయాకు కాడకు ఇరుప్రక్కల రెబ్బలు ఒక్కమాఱే చీలును. రెండవదానికి కాడ చీలి, ఆ చీలిన కాడలు మరల చీలి, వానికి రెబ్బ లుండును. వేపపండును పిల్లలు చీకుదురు. ఆ రెండవదాని పండు విషము. పరాయిదని తోచినదానికి పరాయివారి పేరు తగిలించుట మనకెంతటి అలవాటో ఆ పేరే చెప్పుచున్నది.

18వ శతాబ్ది చివరి భాగమున విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు కుంపిణీ కొలువులో సామర్లకోటయం దుండి మన మొక్కలను పరిశీలించెను. 1795లో మొదలై వెలువడిన ఆయన ‘కోరమండలతీరపు మొక్కలు’ అను గ్రంథమున లాటినుపేర్ల వెంట తెలుగువారి పేర్లును ఇయ్యబడినవి. అందలి చిత్రములు ఈ దేశపు చిత్రకారులు వ్రాసినవి. ఆ పేర్లు చెప్పినవారు మన పల్లెలవారు. వారి పేర్లను మనము మఱచి, వారి మొక్కలను పిచ్చివి యనుచున్నాము. నేడు చేతిఫోనుతో ఒక ఆకును చిత్రించినచో పేరు చెప్పు సాధనములును వచ్చినవి. వానిని వాడుకొనుట మంచిదే. కాని లేతమొలక చిత్రమును చూచి యంత్రము చెప్పునది ఊహ. దానికి వాసన తెలియదు, పాలు తెలియవు. యంత్రము చెప్పిన పేరును అవ్వ నడిగి, అవ్వ చెప్పిన పేరును పుస్తకములో చూచి, మూడును కలిసినపుడు నమ్ముట వివేకము.

ఇచ్చట నొకరు ఆక్షేపింపవచ్చును: ‘ప్రతి మొక్కయందును ఏదో యొక గుణ ముండును గదా, అట్లైన దేనిని తీసివేయుట న్యాయము?’ ఈ పక్షమునకు మిక్కిలి ప్రసిద్ధమైన ఆధారము జీవకుని కథ. జీవకుడు తక్షశిలలో ఏడేండ్లు వైద్యము చదివిన పిదప, గురువు పాఱ నిచ్చి, ఊరి చుట్టును యోజనముమేర తిరిగి, ఔషధము కాని మొక్క యేదేని యున్నచో తెమ్మనెనట. జీవకుడు తిరిగి తిరిగి, అట్టిది యొక్కటియు కనబడలేదని వట్టిచేతులతో వచ్చెనట. బౌద్ధుల వినయపిటకములో ఈ కథ కలదు. కథ చాల గొప్పది. అయితే దీనినుండి ‘కనుక అన్నిటిని ఉంచుడు’ అను నర్థము రాదు. జీవకుడు ఇంటిలో కూర్చుండి ఆ మాట చెప్పలేదు. యోజనము నడచి, ఒక్కొక్కదానిని వంగి చూచి చెప్పెను. మఱియు ఔషధమగుట వేఱు, ఆవుల పాకప్రక్కన నుండదగుట వేఱు. గన్నేరును ఔషధమే, దాని యాకు తిన్న పశువు చచ్చును. గుణ మున్నదని తెలియుట, ఆ గుణమునకు తగిన చోటు నిర్ణయించుటతో గాని పూర్తికాదు.

మఱి పేరు తెలియువఱకు మొక్క నేమి చేయవలెను? ఈ యెడమకాలమునకు మే మొక నియమము చెప్పుదుము. పూచువఱకు ఓపిక పట్టవలెను, కాయువఱకు పట్టరాదు. ఆకులు మోసపుచ్చవచ్చును గాని పువ్వు సాధారణముగా మోసపుచ్చదు. మొక్కల కుటుంబములను శాస్త్రజ్ఞులు విభజించినది ముఖ్యముగా పూలనుబట్టియే. కనుక పువ్వు కనబడినపుడు సందేహము తీరుట కవకాశము కలుగును. కాయ ముదిరిన పిదప మాత్రము వ్యవహారము మన చేతిలో నుండదు. అంతవఱకు అది మన పెరటి మొక్క. గింజ పక్షినోట పడినది మొదలు అది ఊరి మొక్క. మన సోమరితనమునకు ఫలము పొరుగువారు, అడవి, రాబోవు తరము అనుభవింతురు.

ఓపిక యనగా ఏమఱుపాటు కాదు. ఆ మొక్కకు ఒక దారము కట్టి గుర్తుంచవలెను. మేకను అటు పోనీయరాదు. గోడనో నూతినో ఒత్తుచున్నట్లు తోచినచో పువ్వుకొఱకు కాచియుండక, వేరుతో త్రవ్వి తొట్టిలో పెట్టి పెంచి చూడవచ్చును. పసిబిడ్డ లాడుకొను చోట పాలు కారునదియో, తెలియని కాయలు వ్రేలాడునదియో యున్నచో వెంటనే తీయవలెను. బిడ్డకు రాగల యపాయముతో సరితూగునంతటి హక్కు సందేహమున నున్న మొక్కకు లేదు.

ముందు చెప్పిన లాంటానాయే వచ్చినదనుకొందము. ఆకులు ఎదురెదురుగ, గరుకుగ, అంచులు రంపపుపండ్లవలె నున్నవి. నలిపినచో ఘాటువాసన కొట్టినది. కాండము నలుపలకలు. కొన్ని నెలలకు పూచినది. పసుపుగా విచ్చిన పువ్వు క్రమముగా ఎఱుపెక్కినది. అవ్వ పేరు చెప్పినది, పుస్తకము సరియనినది. ఇప్పుడు గుణము చూతము. సీతాకోకచిలుకలు దాని తేనెకై వచ్చును. అది లాభము. పశువు దాని యాకు మేసినచో కాలేయము చెడి, ఎండ సోకినచోటెల్ల చర్మము పుండ్లు పడును. పచ్చికాయ పిల్లలకు హాని. పండి నల్లబడిన కాయలను పిట్టలు తిని గింజలను దూరదూరములకు చేర్చును. అట్లు చేరియే అది బందీపురము మొదలగు కన్నడదేశపు అడవులలో చెట్లక్రింద నేలనెల్ల క్రమ్మి, జింకలు మేయవలసిన గడ్డిని నిలువనీయకున్నది. అందము కొఱకు ఉద్యానములలో నిలిపిన పొద, రెండువందల యేండ్లలో అడవి జీవుల నోటికూడు తీసినది. ఈ విచారణ యంతయు అయిన పిదప తీర్పు స్పష్టము: చిన్న పెరటిలో దానికి చోటు లేదు.

తీర్పునకు తగినట్లు పని చేయుటయు నొక విద్య. నేలమట్టమునకు నఱికినచో మొదటినుండి నాలుగు చిగుళ్లు లేచును. నఱికినవాడు తృప్తి పడును, మొక్క బలపడును. వాన వెలిసి నేల మెత్తగా నున్నపుడు చేతులకు గుడ్డ చుట్టుకొని, గునపముతో వేరుమొదలు కదల్చి, మొత్తముగా పెఱుకవలెను. కొమ్మలను తడినేలపై పడవేసినచో అవియు వేరూనవచ్చును; ఎండబెట్టవలెను. కాయ లున్నచో ముందు కోసి వేఱుగ కాల్చవలెను. తరువాత ఏడాదిపాటు అప్పుడప్పుడు ఆ చోటను పరికింపవలెను. ఖాళీ విడిచినచో మఱియొక గింజ వచ్చును గాన, అచ్చట గోరింటనో తంగేటినో నాటవలెను. సీతాకోకచిలుకలకు లోపమగునని విచారించువారు కరివేపమొక్కను కూడ నాటవచ్చును. దాని యాకుపై గ్రుడ్లు పెట్టు చిలుకలు కలవు. పురుగు తినిన నాలుగు రెమ్మలను కూరలోనికి తక్కువ చేసికొన్నచో చాలును. తీసివేయుట ద్వేషింపవలెననుటయు కాదు. కన్నడసీమలో మలెమహదేశ్వర కొండలయందు సోలిగలు ఆ లాంటానాకొమ్మలనే కోసి, ఉడికించి, తోలు తీసి, కుర్చీలు బల్లలు అల్లి జీవనము చేయుచున్నారు. హాని నెఱిగినవారే దాని ప్రయోజనమును ఎఱిగిరి.

ఇంతయు చేసి, పెఱికిన మొక్కను గోడమీదుగ అవతలకు విసరువారు కలరు. పంటకాలువలో వేయువారును కలరు. తన పెరడు శుభ్రమైనదని తృప్తి పడుదురు. ఇది శుభ్రత కాదు. తన కీడును పరుల పెరటికి బదిలీ చేయుట. ధర్మము గోడతో ఆగునది కాదు గనుకనే అది ధర్మము.

ఈ బదిలీలో ఇంకను హీనమైనది యొకటి కలదు. దానిని రావిమొక్క విషయమున చూడవచ్చును. పిట్ట విడిచిన గింజవలన రావి మేడగోడలో మొలచును. తోక సాగిన ఆకు రెండంగుళములు కనబడగనే అందఱును దానిని గుర్తింతురు. కనుక ఇచ్చట పేరు తెలియకపోవుట కాదు చిక్కు. దేవతావృక్షమని దానిని ముట్టరు. రెండేండ్లు గడచునప్పటికి వేరు ఇటుకల నడుమ దిగి గోడ విచ్చును. అప్పుడు తీయక తప్పదు. అపుడు గృహస్థుడు తాను గొడ్డలి పట్టడు, కూలివానిని పిలుచును. పాపమేదైన నున్నచో అది నఱికిన చేతికి చెందునని, కూలితో కూడ పాపమును ఇచ్చితినని లోలోపల తలచును. వందయో అయిదువందలో రూపాయలకు ఒక బీదవాడు మన పాపమును మోయునని నమ్ముట కంటె నాస్తిక్యము వేఱొకటి లేదు. అది పాపమైనచో చేయించినవానిది. పాపము కానిచో ఆ పని తానే చేయవచ్చును. నిజమైన భక్తి గలవాడు ఆ మొక్క నాలుగాకు లున్నపుడే గోడపగులును తడిపి, వేరు తెగకుండ మెల్లగ లాగి, కొన్నాళ్లు తొట్టిలో పెంచి, వానకాలమున చెఱువుగట్టుమీదనో ఊరిబయటి మైదానములోనో నాటి నీరు పోయును. రావికి గావలసినది గోడ కాదు, నేల. దానికి తగిన చోటు చూపుట పూజలలో నొకటి. ఆ పనికి కావలసినది పావుగంట మాత్రము. అది కూడ సకాలమున.

ఇక మొదట సూచించిన మాటకు వత్తము. మొక్క విషయమున ‘ఏ జాతిది?’ అని యడుగుట న్యాయమని చెప్పితిమి. లాంటానా గింజ లాంటానాయే యగును. దానికి చదువు చెప్పలేము. సహవాసముచేత అది మాఱదు. ‘నేను నీ యావును బాధింపను’ అని మాట యియ్యలేదు. దాని జాతి తెలిసినచో దాని నడవడి యెల్ల తెలిసినట్లే. అందుచేత జాతినిబట్టి తీర్పు చెప్పుట మొక్కయెడల అన్యాయము కాదు. మనుష్యుని విషయమో? ఇదే మాటను మనము మనుష్యులకు కూడ వాడుచున్నాము. వాని జాతి తెలిసినచో వాని సత్యము, శౌచము, తెలివి, దయ, వీనిలో ఒక్కటియు తెలియదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దఱిలో ఒకడు దాతయు ఒకడు దొంగయు కావచ్చును. నిన్నటి దొంగ రేపు దాత కావచ్చును. అయినను మన యాచారము చూడుడు. జాతి యడుగవలసిన మొక్కను అడుగక పెఱుకుచున్నాము. జాతి యడుగరాని మనుష్యుని, అరుగెక్కకముందే అడుగుచున్నాము. మొక్కను ఊరక ఛేదించువానికి ప్రాయశ్చిత్తము విధించిన గ్రంథమే, మనుష్యునకు పుట్టుకనుబట్టి ఎక్కువతక్కువలు విధించినది. ఆవు వెంట ఒక దినము నడచినంత మాత్రమున ఆ రెండవ తప్పు తీరదు.

మొక్కలనుండి మనుష్యులకు పోలిక తెచ్చునపుడు ఇంతటి జాగ్రత్త యేల యన్నచో, ఆ పోలిక తేలికగా నోటికి వచ్చును గనుక. ‘వీరు కలుపుమొక్కలు, ఏరివేయవలెను’ అని ఒక జనసమూహమును గుఱించి పలుకు మాట సభలలో చప్పట్లు తెచ్చును. తోటి మనుష్యులకు బొద్దింకలని పేరు పెట్టి రేడియోలలో పలుమాఱు పలికిన పిదప 1994లో రువాండాదేశమున ఏమి జరిగెనో లోక మెఱుగును. పేరు తెలిసికొనుట జ్ఞానమునకు మొదలు. పేరు పెట్టుట క్రౌర్యమునకు మొదలు కావచ్చును. మొదటి పనిలో మనము వంగి చూచుచున్నాము. రెండవ పనిలో చూచుట మానుచున్నాము.

కావున ఈ వానకాలమున పెరటిలో తెలియని మొలక కనబడినచో దానికొక దారము కట్టుడు. బిడ్డలను పిలిచి ఆకులు లెక్కింపనిండు. ఇంటి పెద్దదానిని కుర్చీ వేసి కూర్చుండబెట్టి, ఆమె చెప్పిన పేరును బిడ్డలచేత వ్రాయింపుడు. పువ్వు పూయువఱకు కాచి, ఉంచవలసినచో చోటు చూపి ఉంచుడు. తీయవలసినచో మీ చేతులతోనే తీయుడు. తీసినది పరుల గోడమీద పడనీయకుడు. ఇట్లు పెరటిమొక్క జాతి యడుగుట నేర్చిన బిడ్డ, వీధి అరుగుపై కూర్చున్నవాని జాతి యడుగుట తనంతట మానునని మాత్రము మేము చెప్పజాలము. అది వేఱుగ నేర్పవలసిన పాఠము. దానిని నేర్పవలసినవారు పెద్దలు.